నిండకపోయినా నిండిందనే ట్యాంకు

"చూద్దాం" అనే మాటకి లోకమంతా ఒప్పుకున్న అర్థం ఒకటుంది. కాదని మొహం మీద చెప్పలేక మర్యాదగా చెప్పే మాట అది. సెలవు అడిగితే పై అధికారి చూద్దాం అన్నాడంటే ఇక ఆ సెలవు మీద ఆశ వదులుకోవడమే. ఆ వీధి చివర రేకుల షెడ్డులో బళ్ల సీట్లు కుట్టే ఆవిడ మాత్రం చూద్దాం అందంటే పని మొదలైపోయినట్టే లెక్క. అందుకే అందరూ ఆవిణ్ణి చూద్దాం అక్క అనేవాళ్లు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లకి కూడా అక్కే. ఒక్క మామగారు మాత్రం అమ్మాయ్ అనేవాడు.

షెడ్డు నిండా రెక్సిన్ చుట్టలు, స్పంజి ముక్కలు, జిగురు వాసన. దళసరి తోలుని కూడా పలచటి గుడ్డలా కుట్టిపారేసే బరువైన మిషను ఒకటి. లారీ సీట్లు, టాక్సీ సీట్లు, పళ్ల డాక్టరు కుర్చీ, ఒకసారి పడవలో వేసుకునే పరుపు. ఏది తెచ్చి పడేసినా ముందు దాని చుట్టూ తిరిగి, కుట్టంతా వేళ్లతో తడిమి, ఎక్కడ తెగిందో కాక ఎందుకు తెగిందో వెతికేది. చిన్నప్పుడు ఆవిణ్ణి పెంచిన పిన్ని పరుపులు కుట్టేది. ఆ పిన్ని దగ్గర పట్టుబడ్డ పని, ఆ పిన్ని దగ్గర అబ్బిన మొండితనం. మొగుడి పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుని, కాలరుకి రెండు సూదులు గుచ్చుకుని, పని ఎక్కడన్నా చిక్కుపడితే ముక్కుతో ఏదో రాగం తీసేది. ఆ రాగం వినబడితే ఇంట్లోవాళ్లు ఆ దరిదాపుల్లోకి వెళ్లేవాళ్లు కాదు.

షెడ్డు వెనక గదుల్లోనే కాపురం. మామగారి కొడుకుది, అంటే ఆవిడ మొగుడిది, రొట్టెల బట్టీలో పని. తెల్లారకముందే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేసేవాడు. మిగిలిన పొద్దంతా ఇంట్లో ఉండేది పెద్దాయనా, కోడలూ.

పెద్దాయన ఉద్యోగమంతా దూరప్రయాణపు బస్సు నడపడం. ఆయన బస్సెక్కితే తల్లులు నిశ్చింతగా పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకునేవాళ్లు. నీళ్ల గ్లాసు నిండా పోసి ముందు పెట్టినా చుక్క తొణకదని తోటి డ్రైవర్లు చెప్పుకునేవారు. అలాంటి మనిషికి రిటైరయ్యాక ఆపరేషన్ ఒకటి జరిగింది. ప్రాణానికి ఢోకా లేదు కానీ, ఒంటేలుకి వెళ్లాలనిపిస్తే ఇక ఆపుకోవడం మనిషి చేతిలో లేకుండా పోయింది. ఒకసారి మందుల షాపు దగ్గర, ఇంకోసారి బంధువుల ఇంట్లో ఇబ్బంది పడ్డాడు. ఆ తరవాత గడప దాటడం మానేశాడు. పడక్కుర్చీ, కిటికీ, స్నానాలగది. ఆయన లోకం అంతవరకే వచ్చి ఆగిపోయింది.

కొండ మీది ఊళ్లో ఆయన చెల్లెలు ఉంది. ఆవిడకి మోకాళ్లు పోయాయి. అన్నాచెల్లెళ్లు ఫోనులో పోట్లాడుకునేవాళ్లు, నువ్వు రావంటే నువ్వు రావని. ఫోను పెట్టేశాక పెద్దాయన దాన్ని ఒళ్లోనే ఉంచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. కోడలు అది కనిపెడుతూనే ఉండేది.

అలాంటప్పుడు షెడ్డులోకి ఆ ఇల్లుబండి వచ్చింది. బండిలోనే పడకా, పొయ్యీ, నీళ్లూ, స్నానాలగదీ అన్నీ ఉండే మోటర్‌హోమ్. చూపు మందగించి ఇక నడపలేనన్న ముసలాయన ఒకాయన దాన్ని సీట్లు మార్చి అమ్మేద్దామని తెచ్చాడు. కోడలు దాని చుట్టూ తిరిగింది. లోపలికెక్కి బీరువా అంత ఉన్న స్నానాలగది తలుపు తీసి చూసింది, వేసింది, మళ్లీ తీసింది. చివరికి ఆ ముసలాయన ఇంట్లో సోఫాలూ, పరుపులూ, కుర్చీలూ మొత్తం కుట్టిపెట్టే షరతు మీద బండి ఇక్కడే ఉండిపోయింది. వాటన్నిటితో ఆవిడ కుస్తీ పట్టినన్నాళ్లూ కొడుకు నెత్తి కొట్టుకుంటూనే ఉన్నాడు.

పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని బండెక్కించి, కోడలు మొట్టమొదట ఆ బీరువా తలుపే తెరిచి చూపించింది.

"మామయ్యా, ఇంట్లో మీ గది ఇదే కదా. ఇకమీదట మీరెక్కడికి వెళ్తే అక్కడికి మీతో పాటే వస్తుంది."

పెద్దాయన నవ్వాడు. చాలా రోజుల తరవాత పళ్లు కనబడేలా నవ్వాడు. చెల్లెలికి తనే ఫోను చేసి వస్తున్నామని చెప్పాడు.

బయల్దేరే రోజు పొద్దున ఆయన పాత అలవాటు ప్రకారం బండి చుట్టూ తిరిగి టైర్లు చూశాడు, అద్దాలు తుడిచాడు, లోపలికొచ్చి స్నానాలగది తలుపు పక్కనున్న బోర్డు మీద మీట నొక్కాడు. కింద ఉన్న ట్యాంకులు ఎంతవరకు నిండాయో చెప్పే లైట్లు అవి. అడుగున పచ్చ లైటు వెలిగితే ఖాళీ. దాని మీద పసుపువి రెండు. అన్నిటికంటే పైన ఎర్రది వెలిగితే నిండిపోయిందని. మంచినీళ్ల ట్యాంకు సరిగ్గానే చూపించింది. మరుగుదొడ్డి ట్యాంకు మీట నొక్కితే మాత్రం కిందినుంచి పైదాకా అన్నీ వెలిగాయి.

నిన్ననే ఖాళీ చేసి కడిగాం, ఆ లైటు అబద్ధాలు చెబుతోంది, దాని మొహం చూడకు అన్నాడు కొడుకు. పెద్దాయన సరేనన్నాడు. కానీ ఆ సరేలో సగమే ఆయనది.

దారి పొడుగునా కోడలు బండి నడుపుతూనే, వెనక్కి వెళ్లొస్తారా అని అడుగుతూ ఉంది. ఇప్పుడేం వద్దంటూనే ఉన్నాడాయన. ఆయన కళ్లముందు ఎర్ర లైటే ఉంది. నిండిన ట్యాంకులో ఇంకాస్త పోస్తే ఏమవుతుంది? పైకి తన్నుకొస్తే? కోడలు చేత్తో కుట్టిన ఆ కొత్త సీట్లన్నీ పాడైతే? ఘాట్ రోడ్డు మొదలయ్యాక కొండచరియలు తొలగిస్తున్నారని బళ్లన్నీ ఆపేశారు. ముందు బండి, వెనక బండి, పక్కన లోయ. పెద్దాయన పళ్లు బిగబట్టాడు. ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఇక లాభం లేదనుకుని లేవబోయేసరికే జరగకూడనిది జరిగిపోయింది.

కోడలు మొగుడివైపు తిరిగి, వెనక టైరులో గాలి తగ్గినట్టుంది దిగి చూడమంది. అతను దిగి వెళ్లాక, పొడి తువ్వాలూ ఉతికిన బట్టలూ మామగారి పక్కన పెట్టి తెర లాగేసి, తనూ దిగి తలుపు వేసింది.  కొడుకు టైర్లన్నీ బాగానే ఉన్నాయని చెప్పబోతే, ఇంకోసారి చూడమంది.

పెద్దాయన బట్టలు మార్చుకుని తలుపు తీశాడు. "ఇంటికి పోదాం" అన్నాడు. అంతే.

ఇంటికొచ్చాక కొడుక్కి ఒళ్లు మండింది. తండ్రి మీద కోపం కాదు, జాలిని ఎలా చూపించాలో తెలియక వచ్చే కోపం. అబద్ధమని చెప్పాను కదా, ఆ లైటు మాట నమ్మి నా మాట నమ్మలేదేం అని నిలదీశాడు. పెద్దాయన కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ఎర్ర లైటు వెలుగుతుంటే, అబద్ధంలే అనుకుని నేనెప్పుడైనా బస్సు తీశానా?"

 వంటింట్లోంచి కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మామయ్య అన్నదాంట్లో తప్పేం లేదంది. అబద్ధమని తెలిసిన లైటుని చూస్తూ ఎవరికైనా ఎలా నిమ్మళంగా ఉంటుంది? మార్చాల్సింది మామయ్యని కాదు, లైటుని.

"చూద్దాం" అంది.

ఆవిడకి కరెంటు పని తెలియదు. షెడ్డులో బల్బు మార్చడమే ఆవిడ కరెంటు చదువు. పక్క వీధిలో కరెంటు పని చేసే పెద్దమనిషి ఉన్నాడు, బాబాయ్ అని పిలుస్తుంది. ఆయనకి నడుం పట్టేసి బండి కిందికి దూరలేని స్థితి. బయట స్టూలు వేసుకుని కూర్చుని, నువ్వు దూరు, నేను చెబుతాను అన్నాడు. పెద్దాయన కిటికీలోంచి వింటున్నాడు.

ట్యాంకు పక్క గోడకి ఒకదాని మీద ఒకటిగా స్క్రూల్లాంటి మరలు బిగించి ఉంటాయని బాబాయ్ చెప్పాడు. ఒక్కోదానికి ఒక్కో వైరు. మరల మొనలు లోపల నీళ్లలోకి ఉంటాయి. నీళ్లు ఎంతవరకు తాకితే అంతవరకు అడుగు మర నుంచి కరెంటు పారి పైన లైట్లు వెలుగుతాయి. ఆ మరలకి కళ్లు లేవు పాపం, నీళ్లకి బదులు తడి కాగితం అంటుకున్నా నీళ్లేననుకుంటాయి. ముందు తప్పు బోర్డుదా, వైరుదా, ట్యాంకుదా తేల్చాలి. అన్నిటికంటే పై మర మీదున్న వైరు పీకమన్నాడు.

కోడలు వెల్లకిలా పాక్కుంటూ వెళ్లి వైరు పీకింది. లోపల మీట నొక్కడానికి మనిషి కావాలి. కొడుకు బట్టీలో ఉన్నాడు.  కాసేపటికి కుర్చీ కిర్రుమన్న చప్పుడూ, చెప్పుల చప్పుడూ వినబడ్డాయి. పెద్దాయన బండెక్కి మీట నొక్కాడు.

"ఎర్రది ఆరిపోయింది" అన్నాడు.

దాని కింది వైరు పీకితే పసుపుదీ ఆరింది. అయితే బోర్డూ మంచిదే, వైర్లూ మంచివే, ట్యాంకు దగ్గరే ఉంది తిరకాసంతా అని బాబాయ్ తేల్చాడు. ఆయన మొదట బోర్డు మొత్తం మార్చాల్సి వస్తుందేమోనని అనుకున్నాడట. ఆ మాట ఆయనే చెప్పి నవ్వాడు.

మర్నాటినుంచి యుద్ధం. మొగుణ్ణి దగ్గరికి రానివ్వలేదు, జనం తినే రొట్టెలు పిసికే చేతులు నీవి, దూరంగా ఉండమంది. ముక్కుకి గుడ్డ కట్టి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి ట్యాంకు నిండా పోసి నానబెట్టింది. ఖాళీ చేసింది. మళ్లీ పోసింది. లైట్లు ఉలకలేదు, పలకలేదు. సబ్బు నీళ్లలో ఐసు ముక్కలు వేసి, బండిని కుదుపుతూ తిప్పితే లోపల రాసుకుని మురికి ఊడుతుందని ఎవరో చెప్పారు. చేపలమ్మే అతని దగ్గర్నుంచి బస్తాలతో ఐసు తెచ్చి దొడ్డి కన్నంలోంచి గుమ్మరించింది. అక్కడ కొత్త చిక్కొచ్చింది. కోడలు నడిపినా, కొడుకు నడిపినా కుదుపు చాలడం లేదు. ఆవిడకి నడపడమే తప్ప కుదపడం రాదు. అతనికి భయం, గేరు మార్చాలంటే దండం పెట్టుకుంటాడు.

కోడలు తాళాలు తెచ్చి మామగారి ఒళ్లో పెట్టింది. డిపో వెనక కొత్త డ్రైవర్లకి నేర్పే మైదానం ఉంది కదా, వాళ్లని అడిగి వచ్చానంది. పెద్దాయన తాళాల వంక చూశాడు. జీవితమంతా చుక్క తొణక్కుండా నడిపినవాణ్ణి పట్టుకుని తొణికించమంటున్నావా అన్నాడు. తొణికించడం ఎలాగో మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది, అది జరక్కుండా చూడ్డమేగా మీ ఉద్యోగం అంది కోడలు. ఆయన చెప్పులేసుకున్నాడు.

డిపో గేటు దగ్గరి మనిషి ఆయన్ని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. పెద్దాయన స్టీరింగు ముందు కూర్చుని, సీటు జరుపుకుని, అద్దం సరిచేసుకున్నాడు. మొదటి చుట్టు పెళ్లివారి బండిలా మెత్తగా సాగింది. వెనకనుంచి కోడలు ఇంకా గట్టిగా మామయ్యా అంది. రెండో చుట్టుకి బ్రేకు మీద కాస్త కాలు పడింది. ఇంకా అంది. అంతే, ఆయనలో ఏ గొలుసు తెగిందో ఏమో, వంకర్లు తిప్పాడు, ఎగదోశాడు, ఉన్నట్టుండి ఆపాడు, వెనక్కి లాగించాడు. అల్మారాలో గిన్నెలన్నీ కిందపడి దొర్లాయి. కోడలు మంచం కాలు కావిలించుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఇన్నేళ్లలో నా బస్సు ఎక్కని రకం ప్రయాణికులు లేరు కానీ, కుదిపితే నవ్వినది నువ్వొక్కదానివే అన్నాడాయన ఆయాసపడుతూ.

ఎండ నెత్తికెక్కాక బండి దిగి, ఇద్దరూ నీళ్లు తాగి, డిపోలో పాత సంగతులు మాట్లాడి ఇంటికొచ్చారు. కుర్చీలో కూర్చున్నాక గానీ పెద్దాయనకి తట్టలేదు. పొద్దుటినుంచీ ఇంటి బయట ఉన్నాడు. మధ్యలో డిపో స్నానాలగదికి వెళ్లి వచ్చాడు కూడా, ఎక్కడుందని వెతుక్కోకుండా, గుండె దడదడలాడకుండా. 

ట్యాంకు ఖాళీ చేసి మీట నొక్కితే ఎర్ర లైటు ఆరిపోయింది. కొడుకు ఎగిరి గంతేశాడు. కానీ దాని కింద పసుపు లైటు అలాగే వెలుగుతోంది. ఖాళీ ట్యాంకు ముప్పాతిక నిండానంటోంది. ఇది చాల్లే అమ్మాయ్, ఎర్రది పోయిందిగా అన్నాడు పెద్దాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"అబద్ధం తగ్గింది మామయ్యా, పోలేదు" అంది కోడలు.

మళ్లీ సబ్బు, మళ్లీ ఐసు, మళ్లీ మైదానం. పసుపు లైటు బెల్లం కొట్టిన రాయిలా అలాగే ఉంది. ఆవిడ మొహం మొదటిసారి చిన్నబోయింది. షెడ్డులో సీట్ల పని పేరుకుపోతోంది. టాక్సీవాళ్లు తొందరపెడుతున్నారు. పగలు వాళ్ల పని చేసి, సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపు బండి కింద పడుకుని ముక్కుతో రాగం తీసేది. ఆ రాగం వింటూ పెద్దాయన కిటికీ దగ్గరే కూర్చునేవాడు. ఇదంతా ఒక ముసలివాడు మొహమాటం లేకుండా ఒంటేలుకి వెళ్లడం కోసం. కన్నతల్లి కూడా ఇంత పట్టు పట్టదనిపించేది.

ఒక సాయంత్రం రాగం ఆగిపోయింది. బండి కిందినుంచి నవ్వు వినబడింది. తలకేమైనా తగిలిందేమోనని పెద్దాయన కంగారుగా వంగి చూశాడు.

"మామయ్యా, మనం ఇంతకాలం లోపల కడుగుతున్నాం. దొంగ బయటే ఉన్నాడు" అంది.

టార్చి వేసి చూస్తే కనబడలేదట. టార్చి పక్కన పడేసి, కుట్టు తడిమినట్టు మరల చుట్టూ వేలితో తడిమింది. పైనుంచి రెండో మర దగ్గర వేలికి బంకగా తగిలింది. ఆ మర వెనక రబ్బరు వాషరు ఎండి చిట్లిపోయి, కనబడీ కనబడనంతగా ఊరుతోంది. ఆ ఊటకి దుమ్ము పట్టి, ఉప్పులా పేరుకుని, ట్యాంకు బయటి గోడ మీద ఆ మర నుంచి అడుగు మర దాకా తెల్లటి చార కట్టింది. కరెంటు ఆ తడి చార మీదుగా రాచబాటలో నడిచినట్టు నడుస్తోంది. తప్పు ట్యాంకు దగ్గరే ఉందని బాబాయ్ చెప్పింది నిజమే. లోపల అని ఆయన అనలేదు. లోపల అనుకున్నది వీళ్లే.

మర విప్పి కొత్త వాషరు వేసింది. ఆ ఒక్కదానికే కాదు, అన్నిటికీ. పాత బ్రష్షుతో వెనిగర్ రాసి చారంతా గీకి, మంచినీళ్లతో తుడిచి, పొడిగా ఆరనిచ్చి, పైన పలచగా గ్రీజు పూసింది. తరవాత దొడ్డి కన్నంలోకి గొట్టం పెట్టి నీళ్లు వదిలి కిందికి దూరింది, ఎక్కడైనా ఊరుతుందేమో చూడటానికి. పెద్దాయన బోర్డు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. కొడుకు పంపు దగ్గర. కబురు చెయ్యగానే బాబాయ్ కూడా నడుం పట్టుకుంటూ వచ్చాడు.

పచ్చది ఒక్కటే అన్నాడు పెద్దాయన. కాసేపటికి మొదటి పసుపుది వచ్చిందన్నాడు. ఆ తరవాత చాలాసేపటిదాకా ఇంకో లైటు వెలగలేదు. కొడుకు ఉండబట్టలేక తొంగిచూశాడు. పెద్దాయన మీట మీద వేలు పెట్టి, దారి మీద కళ్లు పెట్టినట్టు ఆ లైట్ల మీదే పెట్టి కూర్చున్నాడు. రెండో పసుపుది వెలిగింది. నీళ్లు కన్నం అంచు దాకా వస్తున్నాయని కొడుకు అరిచేలోపే, నిండింది, కట్టెయ్ అన్నాడాయన. సరిగ్గా నిండినప్పుడే నిండిందంది. ఖాళీ చేస్తుంటే పైనుంచి ఒక్కొక్కటే ఆరుతూ వచ్చి, అడుగున పచ్చది మిగిలింది.

అందరూ టీ తాగడానికి షెడ్డులోకి వచ్చేశారు. పెద్దాయన రాలేదు. బండిలో స్నానాలగది తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది. కోడలు టీ గ్లాసు పక్కన పెట్టి గబగబా మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలెట్టింది. వీధంతా వినబడేంత మోత. సూది కింద గుడ్డ లేదు, తోలు లేదు. తలుపు మళ్లీ తెరుచుకున్నాక ఆపింది. పెద్దాయన వచ్చి, మిషను వంకా, దాని మీద ఏమీ లేకపోవడం వంకా చూశాడు. చూసి, ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం నిలబడి, తన టీ తీసుకున్నాడు.

మళ్లీ కొండకి బయల్దేరినప్పుడు దారిలో ఎవరూ అడగకుండానే రెండుసార్లో మూడుసార్లో లేచి వెనక్కి వెళ్లొచ్చాడు.  చెల్లెలు ఉండేది మేడ మీద. ఆవిడ మేనల్లుడి మెడ చుట్టూ చేతులేస్తే, అతను కుర్చీతో సహా కిందికి దించాడు. బండిలో అడుగుపెట్టగానే ఆవిడ పొయ్యి చూసింది, పడక నొక్కి చూసింది, స్నానాలగది తలుపు తీసి చాలాసేపు చూసింది. ఆడదానికి ప్రయాణంలో ఉండే బాధ నీకేం తెలుసులే అన్నయ్యా, ఇన్నాళ్లూ నేను మోకాళ్ల పేరు చెప్పాను అంది.  కోడలు, అయితే మీరు దిగక్కర్లేదు పిన్నిగారూ, మీ ఊరి చెరువు చుట్టూ తిరిగొద్దాం అంది.

బండి కదిలేముందు కాస్త ఆలస్యమైంది. కిటికీ పక్క సీటు తనదంటే తనదని అన్నాచెల్లెళ్లిద్దరూ పట్టుపట్టారు. ఇంత వయసొచ్చీ ఇదేం గొడవని కొడుకు విసుక్కున్నాడు. కోడలు వాళ్లని తీర్చుకోనిచ్చి, ముందుకెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. చివరికి పెద్దాయనే జరిగాడు. చెల్లెలు కిటికీ అద్దం పూర్తిగా దించేసి, మోచెయ్యి బయటపెట్టి, ఇక పోనివ్వమంది.